తొమ్మిదవ స్కోరు కాగితం

బాస్కెట్‌బాల్ నేను ఒక్కనాడూ ఆడలేదు. దాని లెక్క మాత్రం పదకొండు సంవత్సరాలుగా రాస్తున్నాను. ఈ రెండు మాటలూ ముందే చెప్పడం న్యాయం. ఆట తెలిసినవారు నా పొరపాటును నాకంటె ముందే పట్టుకోవచ్చు. పట్టుకుంటే దయచేసి నాకు వివరించాలి. అది నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు.

హోసూరులోని ఒక కార్ఖానాలో ముప్పై ఒక్క సంవత్సరాలు తనిఖీ విభాగంలో పనిచేసి విరమించాను. తయారైన ప్రతి ముక్కనూ కొలిచి, సరిపోతే ఒక గడిలో, సరిపోకపోతే మరొక గడిలో గీత పెట్టడం నా ఉద్యోగం. విరమించిన ఏడాదే మా వీధిలో ఉండే వ్యాయామ ఉపాధ్యాయుడొకరు, ఆయనా అప్పటికి విరమించినవారే, మా గడప దగ్గర నిలబడి, "నువ్వు గీతలు పెట్టేదాంట్లో శానా గట్టి అని విన్నాను. ఆదివారాలు సుమ్మనే ఇంట్లో కూర్చొని ఏం జేస్తావప్పా? వచ్చి మా బల్ల కాడ కూర్చో" అన్నారు. ఆయన స్త్రీల కోసం ఒక చిన్న బాస్కెట్‌బాల్ లీగ్ నడుపుతున్నారు. జట్లు ఐదు. ఆడేవారంతా కార్ఖానాలకో, పూల తోటలకో పనికి పోయేవారు. ఒక్కొక్క జట్టు తక్కిన నాలుగింటితో రెండేసి సార్లు ఆడుతుంది. అంటే జట్టుకు ఎనిమిది ఆటలు, మొత్తం ఇరవై. హోసూరు మైదానంలో ఒక ఆదివారం, కృష్ణగిరి మైదానంలో మరొక ఆదివారం, రోజుకు రెండు ఆటలు.

ఎవరు బుట్టలో వేశారు, ఎవరు అందించారు, ఎవరు తప్పు చేశారు అని రాసేది నేను. అందించడానికి ఒక నియమం ఉంది. ఒకరు అందించిన బంతిని మరొకరు వెంటనే బుట్టలో వేస్తేనే అందించినవారి పేరు ఎదుట ‘అసిస్ట్’ అని ఒక గీత పడుతుంది. వేయలేకపోతే గీత లేదు. పదేళ్ళపాటు ఈ నియమం నాకు ఎంతో సబబుగా తోచింది. ముక్క సరిపోతే ఒక గడి, లేకపోతే మరొక గడి. మధ్య గడి ఉండకూడదు.

ఈ సంవత్సరం ఆటలు మొదలు కాకముందే లీగ్ నిర్వాహకుడైన ఆ ఉపాధ్యాయుడు క్రీడాకారిణులందరినీ పిలిచి ఒక వార్త చెప్పారు. హోసూరు దగ్గరి ఒక కార్ఖానా స్త్రీల జట్టు పెట్టబోతోంది. అందులో ఒకరికి పర్మినెంటు ఉద్యోగం ఇస్తుంది. మన లీగ్‌లో ఎవరిని బెస్ట్ ప్లేయర్ అని రాసి ఇస్తే ఆమెనే తీసుకుంటుంది. ఉద్యోగం ఒక్కటే. ఆ మైదానంలో నిలబడిన క్రీడాకారిణులంతా కాంట్రాక్టు మీదో, రోజు కూలికో పనిచేసేవారే. వార్త వినగానే అందరూ నావైపు చూశారు.

చూడటానికి కారణం ఉంది. పోయిన ఏడాది ఉత్తమ క్రీడాకారిణి కప్పు ఎవరికో నేనే నిర్ణయించాను. ఎవరో అభ్యంతరం చెబితే మైకు తీసుకుని, "ఎవరు ఎక్కువ పాయింట్లు వేశారో వారే ఉత్తమ క్రీడాకారిణి. ఇందులో వాదనకు తావు లేదు" అని అంకెలు చదివి వినిపించాను. ఆ మాట ఎంత దూరం పోయిందో నాకు అప్పుడు తెలియదు. ఈ సంవత్సరం నిర్వాహకుడు నన్ను పక్కకు పిలిచి, "ఈసారి పాయింట్లొక్కటే చూడొద్దప్పా. ఆట మొత్తం చూడు. ఒక మనిషి బతుకు తెరువు" అన్నారు. సరే అన్నాను. కాని ఆ సవరణను మైకులో చెప్పాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

ఇరవై ఆటలూ ముగిసేసరికి ఇద్దరు మిగిలారు.

ఒకామెది జూజువాడి. రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టుకు అవతల ఒక చిన్న కార్ఖానాలో పెట్టెలు కట్టే పని. హోసూరు జట్టుకు ఆడుతుంది. ఆ జట్టు ఎనిమిదింటిలో ఏడు గెలిచింది. ఆమె వేసిన పాయింట్లు తొంభై ఆరు, అసిస్ట్‌లు యాభై ఆరు. రెండవ ఆమెది సూళగిరి. అక్కడి పారిశ్రామికవాడలో కాంట్రాక్టు పని. ఆ కాంట్రాక్టు ఆ నెలాఖరుతో ముగుస్తుంది. కృష్ణగిరి జట్టుకు ఆడుతుంది. ఆ జట్టు మూడే గెలిచింది. ఆమె వేసిన పాయింట్లు నూట యాభై రెండు, అసిస్ట్‌లు పదహారు.

పాయింట్లు చూస్తే సూళగిరి అమ్మాయి. గెలుపులు చూస్తే జూజువాడి అమ్మాయి. ఒక్కొక్క అసిస్ట్ వల్ల జట్టుకు రెండు పాయింట్లు వస్తాయి కనుక వాటిని కలిపి చూశాను. సూళగిరికి నూట ఎనభై నాలుగు, జూజువాడికి రెండు వందల ఎనిమిది. ఇక్కడే ముగించి ఉంటే నాకు నిద్ర పట్టేది. అయితే నిర్వాహకుడు కాగితం చూసి ఒక మాట అన్నారు.

"ఆ హోసూరు జట్టులో ఎవరి చేతికి ఇచ్చినా బుట్టలో పడతాది. కృష్ణగిరోళ్ళు ముందరే నిలబడినా వేయలేరు. ఈ సూళగిరి పాప ఇచ్చిందానికి ఎవరు లెక్క రాసినారు?"

నేను రాయలేదు. నియమం ప్రకారం రాయకూడదు.

ప్రతి ఆటనూ ఎవరో ఒకరు నిర్వాహకుడి ఫోన్‌లో వీడియో తీసేవారు. ఆ ఫోన్ అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. రెండు జట్లవీ కలిపితే పదహారు ఆటలు. రెండుసార్లు అవే ఎదురెదురుగా తలపడ్డాయి కనుక వీడియోలు పద్నాలుగు. సోమవారం మొదలుపెట్టి ప్రతి మధ్యాహ్నమూ భోజనం కాగానే కూర్చుని, బుట్ట ముందు అడ్డం లేకుండా నిలబడిన జట్టువారికి ఈ ఇద్దరూ ఎన్నిసార్లు బంతి అందించారో లెక్కించాను. జూజువాడి అమ్మాయి డెబ్బై ఎనిమిదిసార్లు అందించింది. యాభై ఆరు బుట్టలో పడ్డాయి. సూళగిరి అమ్మాయి అరవై ఒక్కసారి అందించింది; పదహారే పడ్డాయి.

ఇప్పుడు లెక్క మరోలా తిరిగింది. సూళగిరి అమ్మాయికి హోసూరు జట్టు చేతులు ఉండి ఉంటే ఆ అరవై ఒకటిలో సుమారు నలభై నాలుగు పడేవి. అప్పుడు ఆమె మొత్తం రెండు వందల నలభై. కప్పు ఆమెది. ఈ అంకె రాసి, పెన్సిలు కింద పెట్టి, కాఫీ తాగాను. కాఫీ చల్లారకముందే సందేహం వచ్చింది. అంత బాగా వేసే జట్టువారు పక్కన ఉంటే ఆమె తానుగా అన్నిసార్లు బుట్టకు వేసేదా? వేయవలసిన అవసరమే ఉండేది కాదు. నూట యాభై రెండు ఉండేది కాదు. అయితే ఎంత ఉండేది? తెలియదు. జూజువాడి అమ్మాయిని కృష్ణగిరి జట్టులో పెడితే? అసిస్ట్‌లు ఇరవైకి పడిపోతాయి. కాని అందించి లాభం లేదని తానే వేయడం మొదలుపెడుతుంది. తొంభై ఆరు నూట యాభై కావచ్చు. కాకపోవచ్చు. చేతకాని జట్టు ఒక మనిషి అంకెను పెంచుతుందా, తగ్గిస్తుందా? నేను ఎటు కూడినా రెండూ చేస్తోంది. ఒక గడిలో పెంచి, పక్క గడిలో తగ్గిస్తోంది.

శనివారం మధ్యాహ్నం మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ నా పక్కన వచ్చి కూర్చుంది. ఆమెకు ఈ ఆటలో బుట్ట ఏదో, గీత ఏదో తెలియదు.

"ఇంగా ఆ బంతాటేనా? పెండ్లిసూపులకి గూడా నన్ను ఇన్ని దినాలు సూడలేదు మీరు" అంది.

"ఒక ఉద్యోగం విషయం" అన్నాను.

కాసేపు చూసింది. తర్వాత చిక్కుడుకాయతోనే ఫోన్ మీద చూపిస్తూ అడిగింది: "ఈ పొడుగు పాప ఏమి, చేతికొచ్చిన బంతిని మళ్ళా ఆ పాపకే ఇచ్చేస్తా వుంది? ముందర ఎవరూ అడ్డం లేరు కదా."

ఆ పొడుగు ఆమె కృష్ణగిరి జట్టులోదే. సూళగిరి దగ్గర గులాబీ తోటలో కోత పని చేస్తుంది. వీడియోను వెనక్కి జరిపి చూశాను. నిజమే. బుట్ట ఆమె ఎదుట ఖాళీగా ఉంది. ఆమె వేయకుండా బంతిని సూళగిరి అమ్మాయికి తిప్పి ఇచ్చింది. తక్కినవారూ అంతే. కృష్ణగిరి జట్టు ఆడిన ఎనిమిది ఆటల్లోనూ సూళగిరి అమ్మాయి అందించిన చోట్లను మాత్రమే మళ్ళీ పెట్టి లెక్కించాను. సూళగిరి అమ్మాయి అందించిన అరవై ఒకటిలో పదహారు పడ్డాయి, పద్నాలుగు తప్పాయి, ముప్పై ఒకటి తిరిగి ఆమె చేతికే వచ్చాయి.

"భయం" అన్నాను. "వేస్తే తప్పుతుందేమోనని భయం. ధైర్యం లేని జట్టు."

"భయపడే మొగం మాదిరి లేదే" అంది మా ఆవిడ. చిక్కుడుకాయల చేట ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ మాటను నేను కాగితం మీద రాసుకోలేదు. రాసుకోవలసింది. తిరిగి వచ్చిన ముప్పై ఒకటినీ తప్పిన పద్నాలుగుతో కలిపి ఒకే గడిలో, ‘జట్టువారి వల్ల కానివి’ అని రాశాను.

ఆ సాయంత్రం నాకు కార్ఖానా గుర్తుకొచ్చింది. ఎన్నో ఏళ్ళుగా గుర్తుకు రానివ్వని సంగతి అది. మా విభాగానికి ముక్కలు పంపే, ఇనుమును తిప్పి కోసే లేతు యంత్రాల వరుసలో మూడవదాని మీద ఒక వ్యక్తి పనిచేసేవాడు. అతని ముక్కల్లో తిరస్కరించినవి ప్రతి నెలా అందరికంటె ఎక్కువ. గీతలు పెట్టింది నేను, సంతకం చేసింది నేను. ఒక్క గీత కూడా తప్పు పెట్టలేదు. ఆ కాగితాలు చూసి అతని కాంట్రాక్టు పొడిగించలేదు. అతని స్థానంలో వచ్చినవాడికీ అంతే తిరస్కరణ వచ్చినప్పుడు వెతికితే, ఆ యంత్రం వాకిలికి దగ్గరగా ఉందని, మూలన ఉన్న ఒక పెట్టెలోని పోత ఇనుప ముక్కలను ఎప్పుడూ దానికే ఇస్తున్నారని తెలిసింది. ఆ పెట్టెలోవి గట్టి ముక్కలు. ఎవరు కోసినా చెడిపోయేవే. తనిఖీలో అందరికీ తెలిసిన పద్ధతి ఒకటి ఉంది. తప్పు మనిషిదో, ముక్కదో తేలనప్పుడు రెండు యంత్రాల ముక్కలను ఒక షిఫ్టుకు తారుమారు చేసి చూడాలి. ఒక్క షిఫ్టు చాలు. నేను ఆ మాట ఎవరితోనూ అనలేదు. నా అంకెలు సరిగ్గా ఉన్నాయి కదా, ఇంకేమి కావాలి అనుకున్నాను.

చీకటి పడకముందే నిర్వాహకుడి ఇంటికి వెళ్ళాను. మరునాడు కృష్ణగిరిలో కప్పులు ఇచ్చే కార్యక్రమం. దానికి ముందు వినోదం కోసం ఒక ఆట ఎప్పుడూ ఉంటుంది. "రేపటి ఆటలో ఆ ఇద్దరినీ తారుమారు చేయండి" అని అడిగాను. "సూళగిరి అమ్మాయి హోసూరు జట్టుకు ఆడాలి. జూజువాడి అమ్మాయి కృష్ణగిరి జట్టుకు ఆడాలి. తక్కినవారు ఉన్నచోటే."

ఆయన చాలాసేపు నవ్వారు. "లేతు మిషన్లు అనుకున్నావా వాళ్ళని?" అన్నారు. ఆ తర్వాత నవ్వు ఆపి, "సరే. చేస్తాం" అన్నారు.

మరునాడు ఉదయం మైదానంలో విషయం చెప్పినప్పుడు జూజువాడి అమ్మాయి భుజాలు ఎగరేసి, కృష్ణగిరి జట్టు బనియను తీసుకుంది. సూళగిరి అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మా వాళ్ళ మీదనే ఆడాల్నా సార్?"

"వినోదం కోసమే" అన్నాను. నేను కావాలని అబద్ధం చెప్పిన సందర్భాలు జీవితంలో తక్కువ. అది ఒకటి.

ఆమె నా చేతిలోని కాగితాన్ని చూసింది. దానిమీద ‘తొమ్మిదవ ఆట’ అని రాసి ఉంది. వెళ్ళి హోసూరు జట్టు బనియను తొడుక్కుంది.

ఆట గురించి నేను అంకెలే చెప్పగలను. లీగ్‌లో హోసూరు జట్టు కృష్ణగిరి జట్టును ఒకసారి ఇరవై రెండు పాయింట్ల తేడాతో, మరొకసారి పంతొమ్మిది తేడాతో ఓడించింది. ఆనాడూ హోసూరే గెలిచింది, కాని యాభై నాలుగుకు యాభై ఒకటి. మూడే తేడా. సూళగిరి అమ్మాయి ఎనిమిది పాయింట్లు వేసింది, తొమ్మిది అసిస్ట్‌లు. జూజువాడి అమ్మాయి పదకొండు పాయింట్లు, పది అసిస్ట్‌లు. ఎనిమిది ఆటల్లో కలిపి పద్నాలుగు పాయింట్లు మాత్రమే వేసిన గులాబీ తోట ఆమె ఆ ఒక్క ఆటలో పన్నెండు వేసింది. రెండవసారి వేసి వెనక్కి పరుగెడుతూ నా బల్ల ముందు, "రాసుకోండి సార్, పెన్సిలు చెక్కే లోపల ఇంగొకటి పడిపోతాది" అంది. నేను నిజంగానే అప్పుడు పెన్సిలు చెక్కుకుంటున్నాను.

మూడు సంగతులు నా కళ్ళ ముందు ఉన్నాయి. సూళగిరి అమ్మాయిని తీసుకున్నాక హోసూరు జట్టు బలం తగ్గింది. జూజువాడి అమ్మాయిని తీసుకున్నాక కృష్ణగిరి జట్టు బలం పెరిగింది. బంతి వేయడానికి భయపడేవారు ఆమె పక్కన ఉంటే వేశారు. పక్కవారిని పైకి తెచ్చేవారే ఉత్తమ క్రీడాకారిణి అనుకుంటే ఇంతకంటె రుజువు ఏముంటుంది? జూజువాడి అమ్మాయి అని రాసి, సంతకం చేసి, నిర్వాహకుడి చేతికి ఇచ్చాను. ఆయన మైకులో చదివారు.

ఆమె కప్పు తీసుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది. "నాకు వస్తాదని అనుకోలేదు సార్. పోయిన ఏడాది పాయింట్లే కదా చూసింది మీరు? మా చిన్నమ్మ దినామూ తిట్టింది, అందరికీ పంచిపెడతావుండావు, నీకేమి మిగులుతాదని."

"మరి ఎందుకు పంచావు?"

"వేరే ఎట్ల ఆడాల్నో నాకు తెలీదు సార్" అంది. ఆమె ముఖంలో సంతోషంతో పాటు నాకున్నంత అయోమయమూ కనిపించింది.

మధ్యాహ్నం కృష్ణగిరి నుండి హోసూరు బస్సు ఎక్కాను. సూళగిరి అమ్మాయి ముందు వరుసలో కిటికీ పక్కన కూర్చుని ఉంది. గులాబీ తోట ఆమె నా పక్క సీటు ఖాళీగా చూసి వచ్చి కూర్చుంది. సూళగిరి దారి సగం గడిచాక ముందు వరుసవైపు చూస్తూ గొంతు తగ్గించి అడిగింది.

"సార్, ఒకటి అడుగుతాను. మేము బంతి ఇచ్చినందుకే పోయిందా దానికి ఆ ఉద్యోగం?"

"ఏ బంతి?"

"అదే సార్, మాకొచ్చిందాన్ని మళ్ళా దానికే ఇచ్చినాము కదా. మొదటి దినమే మేమంతా మాట్లాడుకున్నాము. నెలాకరికి దాని కాంట్రాక్టు అయిపోతాది. మాకు యాడైనా తోట పని దొరుకుతాది. దాని అంకె పెరగల్ల అంటే అదే వేయల్ల. మీరే కదా పోయిన ఏడు మైకులో చెప్పింది, ఎక్కువ పాయింట్లు వేసినోళ్ళే అని. రెండు ఆటలు దానికోసమే ఓడిపోయినాము. అది కూడా తిట్టింది మమ్మల్ని, మీరూ వేయండి అని. మేము వినలేదు."

"ఈరోజు మాత్రం నువ్వు వేశావు" అన్నాను.

"ఈ దినం అది అవతల పక్క కదా సార్. ఎవరికి ఇవ్వల్ల? చేతికొస్తే వేసేసినాము." కొంచెం ఆగి, "మేము ఏమంత చేతకానోళ్ళం కాదు సార్" అంది.

చేతిసంచిలో నుండి కాగితం తీశాను. ముప్పై ఒకటి. దాన్ని తప్పిన పద్నాలుగుతో కలిపిన గడి నుండి బయటికి తీస్తే, వారు నిజంగా బుట్టకు వేసినవి ముప్పై; పడినవి పదహారు. సగానికి పైన. చేతకాని జట్టు అని నేను వారం రోజులు కూడుకున్న కూడికలన్నీ ఆ ఒక్క గడి మీద నిలబడ్డాయి. ఆ ముప్పై ఒకటినీ వారే వేసి ఉంటే సూళగిరి అమ్మాయికి మరో పదహారు అసిస్ట్‌లు వచ్చేవి. తిరిగి వచ్చిన బంతితో ఆమె తానుగా వేసిన పాయింట్లు ఇరవై దాకా తగ్గేవి. జట్టు మరో రెండు గెలిచేది. మొత్తం ఎంత? బస్సులోనే కూడి చూశాను. అప్పటికీ జూజువాడి అమ్మాయిదే ఎక్కువ, అయితే కొద్దిగా. గెలుపులను కూడా కలిపితే? వాటికి ఎంత విలువ కట్టాలో ఏ పుస్తకంలోనూ లేదు. ఉదయం గులాబీ తోట ఆమె వేసిన పన్నెండు పాయింట్లు జూజువాడి అమ్మాయి గొప్పతనమా, సూళగిరి అమ్మాయి అవతలి పక్కన ఉండటమా? అదీ ఏ పుస్తకంలోనూ లేదు.

"చెప్పండి సార్" అంది ఆమె. "మేము చేసిందానికేనా?"

మీరు చేసిందానికి కాదు, నేను పోయిన ఏడాది అన్నదానికి అని చెప్పాలనుకున్నాను. అది కూడా రుజువు లేని మాటే. "తెలియదమ్మా" అన్నాను. ముప్పై ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో ఎవరు ఏది అడిగినా ఒక అంకెతో జవాబు చెప్పినవాణ్ణి.

సూళగిరిలో బస్సు ఆగింది. ఇద్దరూ లేచారు. దిగబోతూ సూళగిరి అమ్మాయి వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మాట మాత్రం స్థిరంగా ఉంది.

"సార్, నేను ఆడిన కాగితాలు కాపీ తీసి ఇస్తారా? వేరే కంపెనీలో అడిగి చూస్తాను."

"బుధవారం తెచ్చి ఇస్తాను" అన్నాను. కండక్టరు విసుక్కుంటున్నాడు. ఆమె దిగిపోయింది.

కప్పు నిర్ణయాన్ని మార్చమని సోమవారం నిర్వాహకుడి దగ్గరికి వెళ్ళానా అంటే, వెళ్ళాను. జరిగినదంతా చెప్పాను. ఆయన విని, "సరే, నీ కొత్త లెక్క ప్రకారం ఎవరప్పా?" అని అడిగారు. జవాబు లేకుండా ఒకరి చేతిలో నుండి ఉద్యోగాన్ని తీసి మరొకరి చేతిలో పెట్టమని అడగలేకపోయాను. అది సరైనదేనా అంటే, అదీ నాకు తెలియదు.

బుధవారం తొమ్మిది కాగితాలకూ కాపీలు తీయించి, కవరులో పెట్టుకుని సూళగిరి వెళ్ళాను. బస్సు స్టాపు దగ్గర ఆమె ఎదురుచూస్తోంది. కవరు విప్పి ఒక్కొక్క కాగితమూ చూసింది. నా తనిఖీ కంటె నిదానంగా చూసింది. తొమ్మిదవదాన్ని వేరుచేసి నా చేతికి ఇచ్చింది.

"ఇది వద్దు సార్. ఎనిమిది పాయింట్లే ఉండాయి దీంట్లో."

"ఇందులో తొమ్మిది అసిస్ట్‌లు ఉన్నాయి, చూడమ్మా. నువ్వు అందించినవి దాదాపు అన్నీ పడ్డాయి. మిగతా ఎనిమిది కాగితాలూ చెప్పనిది ఇది చెబుతుంది" అన్నాను. చెబుతుందని ఆ క్షణంలో నాకు గట్టిగా అనిపించింది.

"చూసేవాళ్ళు పాయింట్లే చూస్తారు సార్" అంది, నన్ను నొప్పించాలని కాదు, నాకు తెలియని సంగతి చెబుతున్నట్లు. "పోనీలెండి. దూరం వచ్చినారు, కాఫీ తాగుతారా?"

అంగడి దగ్గర కాఫీ తాగాం. డబ్బులు ఆమె ఇవ్వబోతే నేను ఇచ్చాను. వెళ్ళేటప్పుడు ఎనిమిది కాగితాలనూ రెండుసార్లు లెక్కపెట్టి సంచిలో పెట్టుకుంది.

ఆమెకు వేరేచోట పని దొరికిందో లేదో ఇంకా కబురు లేదు. తొమ్మిదవ కాగితం నా దగ్గరే ఉంది. అది ఆమె అన్నింటికంటె తక్కువగా ఆడిన ఆటా, అన్నింటికంటె బాగా ఆడిన ఆటా అని తేల్చుకోలేక, లీగ్ ఆటల ఫైలులో పెట్టాలో, వేరే ఫైలు తెరవాలో తెలియక, రోజూ బల్ల మీద ఒకచోటి నుండి మరొకచోటికి జరుపుతున్నాను.